ఇరవై వేల మంది పిల్లలు, యాభై జతల కవలలు

1930 ఫిబ్రవరిలో స్కాట్లాండ్‌లోని లానార్క్‌షైర్ బడుల్లో పాల పంపిణీ మొదలైంది. 67 బడులు, 20,000 మంది పిల్లలు. వారిలో 5,000 మందికి పచ్చిపాలు, మరో 5,000 మందికి పాశ్చరైజ్ చేసిన పాలు రోజుకు ముప్పావు పింటు, అంటే సుమారు 426 మిల్లీలీటర్ల చొప్పున ఇచ్చారు. తక్కిన 10,000 మందికి పాలు లేవు. వాళ్లు పోలిక కోసమే. జూన్‌లో మళ్లీ ఎత్తు, బరువు చూస్తే పాలు తాగినవాళ్లే ఎక్కువ పెరిగారు. రెండు రకాల పాలూ ఒకటేనని నివేదిక తేల్చింది. ఇంతమందిని కొలిచాక అనుమానం దేనికి?

అనుమానించినవాడు ‘స్టూడెంట్’. అసలు పేరు విలియం సీలీ గాసెట్. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. సొంత పేరుతో పరిశోధనలు ప్రచురించడానికి అప్పట్లో కంపెనీ ఒప్పుకునేది కాదు కనుక ఈ మారుపేరు. కొద్దిపాటి కొలతల నుంచి ఎంతవరకు నమ్మకంగా చెప్పొచ్చో 1908లోనే లెక్కగట్టినవాడు. 1931లో ‘బయోమెట్రికా’ పత్రికలో లానార్క్‌షైర్ లెక్కల్ని విప్పి చూపాడు.

పిల్లల్ని మొదట చీటీల పద్ధతిలోనో అక్షర క్రమంలోనో విడదీశారు. అయితే ఒక గుంపులో బక్కపిల్లలో పుష్టిగా ఉన్నవాళ్లో ఎక్కువైతే మార్చుకోవచ్చని టీచర్లకు వెసులుబాటిచ్చారు. ఎదురుగా అర్ధాకలి పిల్లలుంటే పాలు ఎవరికి దక్కాలనిపిస్తుంది? ప్రయోగం మొదలయ్యేనాటికే పాలు లేని గుంపు బరువులో మూడు నెలల, ఎత్తులో నాలుగు నెలల పెరుగుదల ముందుంది. పైగా తూకం బట్టలతోనే. ఉన్నవాళ్ల పిల్లలు వేసవికి చలిబట్టలు తీసేస్తే బరువు తగ్గినట్టు కనిపిస్తుంది. లేనివాళ్లకు తీసేయడానికి ఏముంటుంది? ఇక ఒక్కో బడికి ఒకే రకం పాలు. కాబట్టి పచ్చిపాలకూ పాశ్చరైజ్ పాలకూ మధ్య జరిగిన పోటీ నిజానికి పిల్లల మధ్య కాదు, బడుల మధ్య.

యాభై జతల ఏకరూప కవలల్ని తీసుకుని, జతలో ఎవరికి ఏ పాలో బొమ్మా బొరుసుతో తేల్చండి అన్నాడు గాసెట్. ఖర్చు లానార్క్‌షైర్ ప్రయోగానికైన దానిలో నూటికి ఒకటి రెండు వంతులే, నమ్మకం మాత్రం ఎక్కువ. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే పుట్టుక. మిగతా తేడాలన్నీ అణిగిపోతే పాల వల్ల వచ్చే చిన్న తేడా కూడా బయటపడుతుంది.

ఉన్న తేడాను పట్టుకోగల ఈ సత్తానే గణాంక శాస్త్రంలో ‘పవర్’ అంటున్నారు. 1933లో గణాంక శాస్త్రవేత్తలు నేమన్, ఈగాన్ పియర్సన్ దానికి సిద్ధాంత రూపమిచ్చారు. వెతికే తేడా ఎంత, మనుషుల మధ్య సహజంగా ఉండే హెచ్చుతగ్గులెంత, నమూనా ఎంత అన్న మూడింటి మీద అది ముఖ్యంగా నిలుస్తుంది. యాదృచ్ఛిక పొరపాటును సగానికి తగ్గించాలంటే నమూనాను నాలుగింతలు చేయాలి. పక్షపాతం మాత్రం ఎన్నింతలు చేసినా తగ్గదు. పైగా సంఖ్య పెద్దదైనకొద్దీ తప్పు జవాబుకు కూడా ధీమా పెరుగుతుంది. అందుకే ఎంతమంది అని అడగడానికి ముందు, ఎవరిని ఏ గుంపులో వేయాలో ఎవరు తేల్చారని అడగాలి.