కోర్ మెమరీ నుంచి బోరుబావి దాకా

మన ఆఫీసుల్లో జూన్ 5 వచ్చిందంటే జరిగే తంతు మీకు తెలిసిందే. గేటు దగ్గర నాలుగు మొక్కలు నాటడం, ఒక క్విజ్జు, ఈ మధ్యయితే ఒక వీఆర్ హెడ్‌సెట్టు కూడాను. అది తలకి తగిలించుకుంటే కరిగిపోతున్న మంచుకొండ మీద నిలబడి ఉంటాం. "అబ్బో!" అనుకుని, హెడ్‌సెట్టు తీసేసి, పేపర్ కప్పులో కాఫీ పట్టుకుని సీటుకి వెళ్లిపోతాం. ఇలాంటివి ఆడేదీ మనమే, కోడు రాసేదీ మనమే. అందుకని, ఆటలతో పర్యావరణం గురించి చెప్పాలన్న ఆలోచన ఎక్కడ మొదలైంది, ఎక్కడ పనిచేసింది, ఎక్కడ బొమ్మల దగ్గరే ఆగిపోయింది అనేది ఒకసారి వరసగా చూస్తే బావుంటుందనిపించింది. కథ అమెరికాలో మొదలైనా చివరికి మన ఊళ్లో బోరుబావి దగ్గరికే వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

అసలు ఆటతో నీతి చెప్పడం మనకేం కొత్త కాదు. వైకుంఠపాళి ఆడని ఇల్లుందా? నిచ్చెన పుణ్యం, పాము పాపం. అంతా బానే ఉంది గానీ, అందులో ఆడేవాడు తీసుకునే నిర్ణయం ఒక్కటంటే ఒక్కటి లేదు. పందెం ఎంత పడితే అన్ని గళ్లు జరగాలి. పాపం చెయ్యాలా వద్దా అని ఆలోచించే అవకాశం లేకుండానే పాము నోట్లో పడతాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇక అసలు కథ. ఎంఐటీలో జే ఫారెస్టర్ అని ఒక ఇంజనీరు ఉండేవాడు. వర్ల్‌విండ్ అనే కంప్యూటరు కోసం మాగ్నెటిక్ కోర్ మెమరీని తయారుచేసినవాళ్లలో ముఖ్యుడు. ప్రోగ్రాం కుప్పకూలితే మనం ఇప్పటికీ "కోర్ డంప్" అంటాం కదా, ఆ కోర్ ఇదే. అంత పని చేశాక ఆయన 1956లో హార్డ్‌వేర్ వదిలేసి అదే ఎంఐటీలో మేనేజ్‌మెంటు స్కూలుకి మారిపోయాడు. ఫ్యాక్టరీ అయినా, నగరం అయినా కొన్ని నిల్వలూ, కొన్ని ప్రవాహాలూ, వాటి మధ్య ఫీడ్‌బ్యాక్ లూపులే కదా, వీటిని కంప్యూటర్లో నడిపి చూడొచ్చు కదా అన్నది ఆయన వాదన. దానికే సిస్టమ్ డైనమిక్స్ అని పేరు. 1969లో నగరాల మీద 'అర్బన్ డైనమిక్స్' అని, 1971లో ఏకంగా ప్రపంచం మీద 'వరల్డ్ డైనమిక్స్' అని పుస్తకాలు వేశాడు.

ఆ దారిలోనే డొనెల్లా మెడోస్, డెన్నిస్ మెడోస్ దంపతులూ, వాళ్ల బృందమూ కలిసి వరల్డ్3 అనే మోడల్ కట్టారు. డైనమో అనే భాషలో రాసిన ప్రోగ్రాం అది. జనాభా, తిండి, పరిశ్రమలు, కాలుష్యం, తరిగిపోయే ఖనిజాలు, వీటన్నిటినీ ముడివేసి చూశారు. 1972లో 'లిమిట్స్ టు గ్రోత్' వచ్చింది. అప్పటి పోకడ అలాగే సాగితే వందేళ్ల లోపలే ఎదుగుదలకి హద్దు తగులుతుందని అందులో ముఖ్యమైన మాట. పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. ధరలు పెరిగితే మనుషులు వాడకం తగ్గిస్తారు, కొత్త టెక్నాలజీ వస్తుంది, అవి మీ మోడల్లో సరిగా లేవు అని ఆర్థికవేత్తలు గట్టిగానే తగులుకున్నారు. ఆ గొడవ యాభై ఏళ్లు దాటినా తెగలేదు. నాకు ముఖ్యం అనిపించింది వేరే. వాళ్ల సమీకరణాలు బయట ఉన్నాయి కాబట్టి, "ఇదిగో ఈ ఊహ తప్పు" అని వేలుపెట్టి చూపించి పోట్లాడగలిగారు.

డెన్నిస్ మెడోస్ 1980ల్లో ఫిష్ బ్యాంక్స్ అనే ఆట తయారుచేశాడు. ఆడేవాళ్లు జట్లుగా విడిపోతారు. ఒక్కో జట్టు ఒక్కో చేపల కంపెనీ. ప్రతి ఏడాదీ పడవలు కొనాలా, అమ్మాలా, ఎన్నిటిని లోతు సముద్రానికి పంపాలి, ఎన్నిటిని తీరంలో తిప్పాలి, ఎన్నిటిని రేవులో కట్టేయాలి అనేది తేల్చుకోవాలి. ఎవరి దగ్గర ఆస్తి ఎక్కువ మిగిలితే వాళ్లే గెలిచినట్టు. మొదటి కొన్నేళ్లు లాభాలే లాభాలు. అందరూ పడవలు పెంచుతారు. తర్వాత వల ఖాళీగా రావడం మొదలవుతుంది. అప్పుడు ఆగుతారా? లేదు, పక్కవాడు పట్టేస్తాడేమోనని ఇంకా ఎక్కువ పంపిస్తారు. చేపలు ఖాళీ. మేనేజర్లు, అధికారులు, విద్యార్థులు ఎవరాడినా చాలాసార్లు ఇదే కథ. ఆడేవాళ్లలో దుర్మార్గుడెవడూ ఉండడు, అందరూ తమ కంపెనీకి మంచే చేశామనుకుంటారు.

ఆట అయ్యాక ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఎక్కడ తప్పాం, ఎప్పుడు తెలిసింది, తెలిసినా ఎందుకు ఆగలేదు... ఫిష్ బ్యాంక్స్‌లో సగం పాఠం ఈ ముచ్చట్లోనే ఉంది. మన భాషలో చెప్పాలంటే రిట్రాస్పెక్టివ్ అన్నమాట. కాకపోతే మన రిట్రాస్పెక్టివుల్లా "అంతా బానే జరిగింది" అని తేల్చేసే వీలు లేదు, ఎందుకంటే సముద్రంలో చేప లేదు :)

ఇక 1989. విల్ రైట్ తీసిన సిమ్‌సిటీ వచ్చింది. ఫారెస్టర్ రాసిన 'అర్బన్ డైనమిక్స్' చదివే తన నగరానికి ప్రాణం పోశానని ఆయనే చెప్పుకున్నాడు. అంటే మోడల్ ప్రయోగశాల దాటి పిల్లల చేతికొచ్చింది. ఫ్యాక్టరీ పక్కన ఇళ్లు కడితే కాలుష్యానికి ఇళ్ల విలువ పడిపోతుందని లక్షలమందికి మొదట తెలిసింది సిమ్‌సిటీ వల్లేనంటే అతిశయోక్తి కాదేమో. ఆ మరుసటి ఏడాదే సిమ్‌ఎర్త్ వచ్చింది, జేమ్స్ లవ్‌లాక్ చెప్పిన గయా సిద్ధాంతం ఆధారంగా భూగోళం మొత్తాన్నీ నడిపించే ఆట.

ఇక్కడే ఒక తేడా వచ్చింది. సిమ్‌సిటీ ఆడేవాడికి ఫలితం కనిపిస్తుంది గానీ దాని వెనక ఉన్న సూత్రం కనిపించదు. 2013లో వచ్చిన సిమ్‌సిటీ సంగతే చూడండి. దాని ముఖ్య డిజైనరు నిజం నగరాల్లో పార్కింగు జాగాలు కొలిచి చూసి, అంత జాగా ఆటలో పెడితే ఊరంతా పార్కింగే అయిపోయి విసుగొస్తుందని, అవన్నీ భూమి కింద ఉన్నట్టు ఊహించేసుకున్నామని చెప్పాడు. ఆట కాబట్టి ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ, కార్లతో నిండిన నగరానికి ఎంత నేల ఖర్చవుతుందో, సరిగ్గా ఆ పాఠమే అందులోంచి ఎగిరిపోయింది. ఎగిరిపోయిందని ఆడేవాడికి తెలిసే దారీ లేదు. పాత సిమ్‌సిటీ కోడుని 2008లో మైక్రోపోలిస్ పేరుతో జీపీఎల్ కింద బయటపెట్టారు గానీ, కోడు చదివి నగరాలు కట్టే పిల్లలు ఎంతమంది ఉంటారు చెప్పండి.

దీనికి విరుగుడు 1990లోనే ఒకాయన చూపించాడు. క్రిస్ క్రాఫర్డ్ తీసిన 'బ్యాలెన్స్ ఆఫ్ ది ప్లానెట్'లో మనం పన్నులూ సబ్సిడీలూ వేసి భూగోళాన్ని గట్టెక్కించాలి. దేనివల్ల ఏది మారుతోందో తీగ లాగినట్టు చూసుకోవచ్చు. అంతేకాదు, ఆట వెనక ఉన్న పక్షపాతాన్నే మార్చుకోవచ్చు. అణువిద్యుత్తు మంచిదని నమ్మేవాడి కళ్లతో ఒకసారి, పర్యావరణవాది కళ్లతో ఒకసారి ఆడి చూడొచ్చు. కాన్‌స్టెంట్లు ఎవరు రాశారో ఒప్పుకున్న ఆట అది. ఇప్పుడు క్లైమేట్ ఇంటరాక్టివ్ అనే సంస్థ ఎంఐటీవాళ్లతో కలిసి నడిపే ఎన్‌-రోడ్స్‌ది కూడా ఇదే వంశం. కార్బన్ పన్ను స్లైడరు జరిపితే 2100 నాటి ఉష్ణోగ్రత కళ్లముందే కదులుతుంది, వెనక లెక్కలన్నీ పత్రాల్లో దొరుకుతాయి.

ఆ తర్వాత వచ్చింది వీఆర్. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ ప్రయోగశాలది ఇందులో పెద్ద చెయ్యి. ఒక ప్రయోగంలో హెడ్‌సెట్టు పెట్టి, చేతికి అదిరే రంపం లాంటిది ఇచ్చి, మహావృక్షాన్ని కోయించారు. ఆ తర్వాత పొరపాటున అన్నట్టు నీళ్లు ఒలకబోసి, తుడవడానికి ఎన్ని పేపర్ నాప్‌కిన్లు వాడతారో లెక్కపెట్టారు. చెట్టు కొట్టడం గురించి చదివినవాళ్ల కంటే కోసినవాళ్లు 20 శాతం తక్కువ వాడారట. 2016లో అదే ప్రయోగశాల సముద్రజలం ఆమ్లంగా మారితే ఏమవుతుందో చూపించే అనుభవాన్ని ఉచితంగా విడుదల చేసింది. ఇటలీలో ఇస్కియా దీవి దగ్గర సముద్రగర్భంలోంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలు వచ్చే చోటుకి మనల్ని దించుతుంది. అందులో ఎంత ఎక్కువ తిరిగి చూస్తే అంత ఎక్కువ నేర్చుకున్నారని 2018లో ప్రచురించారు. కాబట్టి వీఆర్ వట్టి హంగు అని కొట్టిపారేయలేం.

కానీ చూడండి, రంపం మన చేతికిచ్చినా, కొయ్యనంటే వేరే దారి లేదు. మళ్లీ వైకుంఠపాళే. పైగా ఒంటరి ఆట. నాప్‌కిన్లు తగ్గించడం ఒక్కడు చేయగలడు. సముద్రంలో చేపల్ని ఒక్కడు కాపాడలేడు. పక్కవాడి పడవ ఆగకపోతే నేను ఆపి ప్రయోజనమేంటి?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. రాయలసీమలోనూ తెలంగాణలోనూ చాలా చోట్ల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లుండేది ఆ రాతి పగుళ్లలో. నా బోరూ పక్కింటి పెద్దాయన బోరూ తాగేది ఒకే నీళ్లు, కాకపోతే పైకి కనిపించదు. బోర్లకి అనుమతి ఉండాలనే వాల్టా చట్టం 2002లో వచ్చింది. సేద్యానికి ఉచిత కరెంటు 2004లో వచ్చింది. చట్టం కాగితం మీద ఉంది, మోటారు చేలో తిరుగుతోంది. మిగతాది మీకు తెలిసిన కథే. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసేవాడు వస్తాడు, రిగ్గు వస్తుంది, దుమ్ము లేస్తుంది. సాయంత్రానికి ఫోను: "ఒరేయ్, ఇది కూడా ఫెయిలైందిరా. ఇంకో మూడొందల అడుగులు పోతే పడుద్దంటున్నారు, ఏమన్నా పంపగలవా?" మనం పంపుతాం, నాన్నకి కాదనలేం కదా. మన జీతంతో ఇంకా లోతుకి వేసిన బోరు పక్కవాళ్ల బోరుని ఎండబెట్టి ఉండొచ్చని ఎప్పుడైనా అనుకున్నామా? ఫిష్ బ్యాంక్స్‌లో ఇంకో పడవ కొన్నది మనమే.

సరిగ్గా ఈ సమస్య మీదే ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో ఒక ఆట ఆడించారు. ఇఫ్‌ప్రి అనే ఆహార విధాన సంస్థకి చెందిన రూత్ మైన్‌జెన్-డిక్, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ మార్కో జాన్సన్, మన దేశంలో పనిచేసే ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ మనుషులు కలిసి చేసిన పని. ఉమ్మడి వనరుల్ని జనం తమంతట తామే కాపాడుకోగలరని చూపించి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్‌తో ఈ జాన్సన్ కలిసి పనిచేసినవాడే.

ఆటలో హెడ్‌సెట్లు లేవు, త్రీడీ లేదు. ఐదుగురు కూర్చుంటారు. ప్రతి సీజనూ ఎవరికివారు పంట ఎంచుకోవాలి. ఒకటి నీళ్లు తక్కువ తాగి తక్కువ డబ్బులిచ్చే పంట, మన ఆరుతడి పంటల్లాంటిది. ఇంకోటి నీళ్లు ఎక్కువ తాగి ఎక్కువ డబ్బులిచ్చేది, వరి లాంటిది అనుకోండి. అందరూ వాడింది తీసేస్తే కింద ఎంత మిగిలిందో చూపిస్తారు. ఆట అయ్యాక ఊరివాళ్లందరినీ పోగేసి మాట్లాడిస్తారు. ఏడాది తర్వాత కొంచెం మార్చి అవే ఊళ్లలో మళ్లీ ఆడించారు.

2018లో ప్రచురించిన ఫలితాలు ఇవీ. ఆటలో ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోనిస్తే నీళ్లు నిలిచే మట్టానికి చేరడం ఎక్కువైంది, అయితే మొదటి ఏడాది కాదు, రెండో ఏడాది. ఆటలో గెలిచినదాన్ని బట్టి డబ్బులిచ్చినా పంట ఎంపిక మారలేదు (పాయింట్లూ బ్యాడ్జీలూ పెట్టే మనవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి). అసలు విషయం ఏంటంటే, అదే సంస్థ పనిచేస్తున్న మిగతా ఊళ్ల కంటే, ఆట ఆడిన ఊళ్లలో నీటి రిజిస్టరు పెట్టుకున్నవీ, నీళ్ల వాడకానికి కట్టుబాట్లు చేసుకున్నవీ చెప్పుకోదగ్గంత ఎక్కువ. ఆటలతోనే భూగర్భజలం నిలబడిపోదని కూడా వాళ్లే రాశారు. వాన, కరెంటు, గిట్టుబాటు ధర ఇవన్నీ ఉన్నాయిగా మరి.

కోర్ మెమరీతో మొదలైన కథలో, ఊరి కట్టుబాటు దాకా వెళ్లిన ఆట గ్రాఫిక్సు లేనిదే అయ్యింది. అందులో రూలు అందరికీ తెలుసు, నిర్ణయం ఆడేవాడిది, నష్టం అందరిదీ, చివర్లో మాట్లాడుకోడానికి టైముంది. రేపు ఇలాంటి ప్రాజెక్టు మన చేతికొస్తే మంచుకొండ ఎంత బాగా రెండరైందో చూసుకోవడంతో పాటు, ఈ నాలుగూ ఉన్నాయా అని కూడా అడిగితే బావుంటుంది.

అందాకా మన వంతుగా ఒకటి చెయ్యొచ్చు. 2024 మార్చిలో బెంగుళూరులో ట్యాంకర్ల కోసం పడ్డ పాట్లు మర్చిపోయి ఉండరు. అపార్ట్‌మెంటు మీటింగులో ఒక్క ఆదివారం ఐదుగురం కూర్చుని ఈ ఆట ఆడి చూద్దాం, పంటల బదులు కార్లు కడగడం, లాన్లు తడపడం పెట్టుకుని. మొదటిసారి ఓడిపోతాం, అనుమానం లేదు. ఆ తర్వాత ఊరికి ఫోన్ చేసి, "బోరు సంగతి తర్వాత చూద్దాం నాన్నా, ముందు పక్క చేలవాళ్లతో ఒకసారి కూర్చుంటారా?" అని అడగడానికి నోరు వస్తుందేమో.