మెడలో రుమాలు

1967 జనవరిలో ఒక సాయంత్రం కొత్త ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా తొడుక్కుని బోధన్ శక్కర్‌నగర్‌లో మా క్వార్టరు ముందుకొచ్చాను. అప్పుడు నాకు 11 ఏళ్లు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న బాపమ్మ తలెత్తి చూసి, చాట అక్కడే వదిలేసి, లోపలికి పోయి గొళ్లెం పెట్టుకుంది. "నేనే బాపమ్మా" అంటే తలుపు సందులోంచి, "ముందుగాల ఆ బట్టలిప్పు, ఎన్క లోపటికి రా" అంది. గణతంత్ర దినం నాడు స్కౌట్ల కవాతులో నడవాలని బాపు తన షుగర్ ఫ్యాక్టరీ జీతంలోంచి కుట్టించిన జత అది.

బాపమ్మది రెంజల్ దిక్కు పల్లె. నిజాం పక్షాన ఊళ్ల మీద పడే రజాకార్లు వస్తున్నారన్న మాట వినబడితే చాలు, పిల్లల్ని చంకనేసుకుని జొన్నచేలో దాక్కున్న మనిషి. ఆ రజాకార్ల ఒంటి మీద ఖాకీయే ఉండేది. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17తో ముగిసి రజాకార్లు పోయారు గానీ, ఆ రంగు మాత్రం ఆమె కళ్లల్లోంచి పోలేదు.

మర్నాడు మా స్కౌటు మాస్టరు ఇంటికొచ్చారు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, ఆ రోజుల్లోనే స్కౌటింగ్ నేర్చుకున్న పెద్దమనిషి. ఖాకీ గురించి ఒక్క ముక్కా మాట్లాడలేదు. మెడలోని స్కార్ఫు విప్పి బాపమ్మ చేతిలో పెట్టి, "చెయ్యి విరిగితే ఇందులో వేలాడేస్తాం, నెత్తురు కారితే గట్టిగా చుట్టేస్తాం. గిది నేర్చుకునేటందుకు పంపమ్మా" అన్నారు. ఆమె ఆ మూడు మూలల గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి తన షరతు చెప్పింది: రుమాలు ఇంటి నుంచి కట్టుకుపోవచ్చు, ఖాకీ మాత్రం బడిలోనే తొడిగి బడిలోనే విప్పాలి. 1969 తెలంగాణ ఉద్యమంలో బళ్లు మూతబడేదాకా అట్లాగే నడిచింది.

నేను 1981లో బోధన్‌లో టీచరుగా చేరి, ఆ ఏడే స్కౌటు మాస్టరునయ్యాను. టోపీ మొదలుకొని మేజోళ్ల దాకా యూనిఫాం గురించి మా స్కౌటర్లు కూడిన చోటల్లా వాదనే. ఆ వాదన వచ్చినప్పుడల్లా నాకు బాపమ్మ పెట్టిన గొళ్లెం చప్పుడు వినబడేది.

అసలు ఈ స్కౌటు ఉద్యమం పుట్టిన క్యాంపులో యూనిఫామే లేదు. 1907 ఆగస్టులో బేడెన్ పావెల్ ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవికి 20 మంది దాకా పిల్లల్ని తీసుకుపోయాడు. కొందరు ఈటన్, హారో వంటి పెద్ద బళ్లలో చదివే దొరబిడ్డలు. మిగతావాళ్లు పూల్, బోర్న్‌మత్ పట్టణాల్లో పనిపాటలు చేసుకునేవాళ్ల పిల్లలు. వాళ్లను నాలుగు పెట్రోళ్లు, అంటే చిన్న జట్లు చేసి, ఒక్కో పెట్రోలుకు ఒక్కో రంగు ఉన్ని ముడి భుజానికి కట్టాడు. ఎద్దులకు ఆకుపచ్చ, తోడేళ్లకు నీలం, కాకులకు ఎరుపు, కర్ల్యూ పిట్టలకు పసుపు. ఒంటి మీద ఎవరి బట్టలు వాళ్లవే. చొక్కా, నిక్కరు, వెడల్పంచు టోపీ ఆ తర్వాత స్థిరపడ్డాయి. గొప్పింటి బిడ్డ, పేదింటి బిడ్డ అన్న తేడా కనబడకుండా చేస్తుందనే యూనిఫాం కావాలన్నాడాయన.

ఆ మాట మన దేశానికి వచ్చేసరికి తలకిందులైంది. 1909లో బెంగళూరులో మొదటి ట్రూపు పెట్టినప్పుడు అది తెల్లవాళ్ల, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. మన పిల్లలకు చోటు కోసం 1916లో మద్రాసులో అనీ బిసెంట్, జార్జ్ అరండేల్ వేరే సంఘం పెట్టి, స్కౌటు తలకు మన తలపాగా చుట్టారు. 1918లో అలహాబాదులో మదనమోహన మాలవ్యా, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవాసమితి స్కౌట్లను నిలబెట్టారు. ఇంగ్లీషు రాజు పేర ప్రమాణం చేయాలా అన్నది అప్పటి పెద్ద తగువు. స్వరాజ్యం వచ్చాక 1950 నవంబరు 7న సంఘాలన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అయ్యాయి. మరుసటేడు ఆగస్టు 15న గైడ్లూ చేరారు. ప్రమాణంలోంచి రాజు పోయి, దైవం పక్కన దేశం నిలిచింది. స్కౌట్ల మొదటి జాతీయ మేళా, జంబోరీ, 1953లో మన హైదరాబాదులోనే జరిగింది. మా మాస్టరు దాని గురించి చెప్పేటప్పుడు ఉర్దూలోకి వెళ్లిపోయేవారు, సంతోషం పట్టలేక.

ఇక మా ఊరి సంగతి. మంజీర నది మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. దాని కాలువ నీళ్లతో మా దిక్కు చెరుకు పచ్చబడింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడి, ఆసియాలోనే పెద్దదన్న పేరు తెచ్చుకుంది. దాని చుట్టూ లేచిన కాలనీయే శక్కర్‌నగర్. మామిడిచెట్ల నీడలో ఆఫీసర్ల బంగ్లాలు, వరసగా కార్మికుల క్వార్టర్లు, సీజను మొదలైతే చేల గట్ల మీద కోత కూలీల గుడిసెలు. పావెల్ ఎక్కడెక్కడి నుంచో వెతికి కలిపిన రెండు రకాల పిల్లలూ మా దగ్గర ఒకే సైరను వింటూ పెరిగేవాళ్లు. అలీసాగర్ గట్టున క్యాంపు వేస్తే, ఇంజినీరు కొడుకూ బాయిలరు కార్మికుడి కొడుకూ ఒకే గిన్నెలో పప్పు మాడబెట్టేవాళ్లు. నిజామాబాద్‌లో ర్యాలీ ఉందంటే జానకంపేట మీదుగా పాసింజరు రైలెక్కేవాళ్లం. మా బట్టలకున్న మొలాసిస్ వాసన మాకు తెలిసేది కాదు గానీ, పట్నం పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు.

1979 గోదావరి పుష్కరాలకు నేను రోవరుగా, అంటే పెద్ద వయసు స్కౌటుగా, కందకుర్తి రేవులో పనిచేశాను. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటు. జనంలో తప్పిపోయిన ముసలమ్మలను వాళ్ల బండ్ల దాకా చేర్చడం మా పని. బాపమ్మ తన జట్టు ఆడవాళ్లకు చెబుతుంటే విన్నాను: "తప్పిపోతే ఖాకీ బట్టలోన్ని అడగకుండ్రి. మెడల రుమాలున్న పోరన్ని అడుగుండ్రి." అక్కడ పోలీసులూ ఖాకీలోనే ఉన్నారు, మేమూ ఖాకీలోనే ఉన్నాం. తేడా ఆమె కనిపెట్టింది.

ఇంత తెలిసినవాణ్ని, 1983లో నేనే తప్పు చేశాను. చెరుకు బండి తోలే మనిషి కొడుకొకడు నా ట్రూపులో ఉండేవాడు. రీఫ్ నాట్, క్లోవ్ హిచ్ ముడులు కళ్లు మూసుకుని వేసేవాడు. ఎడ్ల పగ్గాలు కట్టిన చేతులవి. తనిఖీ రోజు తెల్ల చొక్కాతో, వట్టి కాళ్లతో వచ్చాడు. "పూర్తి యూనిఫాంలో వస్తేనే వరసలో నిలబడు" అన్నాను. క్రమశిక్షణ నేర్పుతున్నాననుకున్నాను. వాడు స్కార్ఫు విప్పి, మడతపెట్టి నా బల్ల మీద ఉంచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ జతకయ్యే ఖర్చు వాళ్ల నాయిన వారం కూలి అని తర్వాత తెలిసింది. తేడాను కప్పడానికి పుట్టిన బట్టతో నేను తేడాను నడివరసలో నిలబెట్టి చూపించాను.

పెట్రోల్ లీడర్ల సభను మేం కోర్ట్ ఆఫ్ హానర్ అంటాం. ఆ సంగతి అక్కడ పెడితే పిల్లలే దారి చెప్పారు. పొట్టివైన జతలు ఉతికి తెచ్చి స్టాఫ్‌రూం బీరువాలో పెట్టాలి, కావలసినవాళ్లు తీసుకోవాలి. ఎవరు ఏం తీసుకున్నారో ఒక నోట్‌బుక్కు పెడదామన్నాను. 13 ఏళ్ల లీడరొకడు లేచి, "పేరు రాయొద్దు సార్, కొలత రాస్తే చాలు" అన్నాడు. ఛాతీ ఎన్ని అంగుళాలు, నడుము ఎన్ని అంగుళాలు, అంతే. స్కార్ఫు మాత్రం ట్రూపే ఇస్తుంది. నిజామాబాద్ గాంధీచౌక్‌లో ఒకే తానులోంచి గుడ్డ చింపించి కుట్టించేవాళ్లం.

తోటి స్కౌటర్లు కొందరికి ఇది నచ్చలేదు. "ఇయ్యాల బూట్లు వదిలేస్తవు, రేపు చొక్కా, ఎల్లుండి క్రమశిక్షణే పోతది" అనేవారు. వాళ్ల మాటలో పస లేదనను. బడిలో ఏ పనీ శ్రద్ధగా చేయని పిల్లాడు లాన్యార్డు తాడు సరిచేసుకుంటూ నిటారుగా నిలబడటం నేనూ చూశాను. కానీ బట్ట మోజు పిల్లలకంటే పెద్దలకే ఎక్కువ. పచ్‌మఢీ శిక్షణ కేంద్రం నుంచి హిమాలయ వుడ్ బ్యాడ్జి తెచ్చుకున్నాక, మెడలోని రెండు కొయ్య పూసలు అందరికీ కనబడాలని చొక్కా పై గుండీ విప్పుకుని నెల రోజులు తిరిగింది నేనే.

స్కౌట్లు ఎడమ చేతులు కలిపే పలకరింపును మాత్రం నేను వదలనివ్వలేదు. మన ఇళ్లల్లో ఎడమ చెయ్యి చాపితే తిట్లు పడతాయి. కొత్త పిల్లలు సిగ్గుపడి కుడిచేతినే ముందుకు తెచ్చేవాళ్లు. ఆఫ్రికాలో అషాంతీ వీరులు నమ్మినవాడికి డాలు పక్కన పెట్టి ఎడమ చెయ్యి ఇస్తారట, పావెల్ అది చూసి తెచ్చాడట అని కథ చెబితే, ఒకడు, "అశాంతి వీరులు శాంతిగా చేతులెట్ల కలుపుతరు సార్?" అన్నాడు. నవ్వాగాక అందరూ ఎడమ చేతులు చాపారు.

తర్వాత ఖాకీయే మారింది. స్టీల్ గ్రే చొక్కా, నేవీ బ్లూ ప్యాంటు వచ్చాయి. పాతవాళ్లు చాలామంది నొచ్చుకున్నారు. నాకైతే బాపమ్మ ఉంటే గొళ్లెం తీసేదనిపించింది. కానీ బీరువాలోని ఖాకీ జతలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. గ్రే జతలతో మళ్లీ మొదలుపెట్టాం.

2014లో రిటైరయ్యాను. శనివారాలు ఇప్పటికీ ట్రూపుకు వెళతాను. 2002లో ప్రైవేటు చేతికి పోయిన ఫ్యాక్టరీలో 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించారు. సైరను మోగని శక్కర్‌నగర్‌లో పొద్దు ఎంతైందో తెలియలేదు. మరుసటి జూన్‌లో బడి తెరిచాక బీరువా తాళం తీసి నోట్‌బుక్కు చూశాను. ఏడాదంతా కలిపి అర పేజీ దాటని పుస్తకంలో ఒక్క వారంలో రెండు పేజీలు నిండాయి. 28 అంగుళాలు, 26, 30, 26. ఆ శనివారం వరసలో అందరూ గ్రే చొక్కాల్లోనే నిలబడ్డారు. ఏ చొక్కా ఇంటిదో, ఏది బీరువాదో నేను పోల్చుకోలేకపోయాను.