అడ్మినిస్ట్రారే: పరిచర్యలో పుట్టిన పాలన

పాస్టరేటు కమిటీ ఎన్నికలు దగ్గరపడితే మన సంఘాలలో 'ఈసారి అడ్మినిస్ట్రేషన్ ఎవరి చేతికి వస్తుంది?' అన్న ప్రశ్న మొదలవుతుంది. ఆ మాట పుట్టుక తెలిసినవారు ఆ ప్రశ్నను అలా అడుగలేరు.

దానికి మూలం 'అడ్మినిస్ట్రారే' అనే లాటిన్ క్రియ. 'అడ్' అంటే దగ్గరకు, వైపు. 'మినిస్ట్రారే' అంటే ఉపచారం చేయడం, భోజనపు బల్ల దగ్గర వడ్డించడం. ఇది 'మినిస్టర్' నుండి వచ్చింది. 'మినుస్' అంటే తక్కువ గనుక మినిస్టర్ అంటే తక్కువవాడు, సేవకుడు. 'మాగిస్' అంటే ఎక్కువ. దాని నుండి 'మాగిస్టర్', అంటే అధిపతి. మన మేజిస్ట్రేటు ఆ కుటుంబమే.

దగ్గరుండి పని చేసేవాడు క్రమంగా పని నడిపేవాడయ్యాడు. యుద్ధం నడపడానికి కూడా జూలియస్ సీజర్ ఈ క్రియనే వాడాడు. అయినా పాత అర్థం పోలేదు. ఇంగ్లీషులో నేటికీ జిల్లాను పాలించడానికీ, రోగికి మందు ఇవ్వడానికీ, ప్రభురాత్రి భోజనం అందించడానికీ ఒకటే క్రియ.

ఈ అర్థాలు కలిసి నడిచిన చోటు మనకు దగ్గరలోనే ఉంది. అప్పటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె సమీపాన, పలు మిషనులు కలిసి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం స్థాపించాయి. 1915లో అది రోగులను చేర్చుకొనసాగింది. డెన్మార్కు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దాని తొలి సూపరింటెండెంటు. క్షయను అణచే స్ట్రెప్టోమైసిన్ 1943 వరకు లోకానికి తెలియదు. విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారం, దగ్గరుండి కనిపెట్టడం, ఇదే నాటి వైద్యం. అక్కడ నిర్వహణ అంటే రోగి మంచం దగ్గరకు వెళ్లడమే.

మొదటి పేతురు 4:10లో లాటిన్ బైబిలు వాడినది ఈ క్రియనే. అక్కడ మన తెలుగు బైబిలులో 'ఉపచారము' అని ఉంది. 'ఉప' అంటే దగ్గర, 'చారము' అంటే మెలగడం. అదే వచనంలో 'గృహనిర్వాహకులు' అనే మాటా ఉంది. గృహనిర్వాహకుడు ఇంటిని నడుపుతాడు గాని ఇల్లు అతనిది కాదు.

కానుకల లెక్క సంఘమంతటికీ చదివి వినిపించడం, విధవరాలి పింఛను కాగితాలకై ఆఫీసు చుట్టూ తిరగడం, మంచం పట్టిన వృద్ధునికి ప్రభు బల్ల అందేలా చూడడం: ఇదంతా అడ్మినిస్ట్రేషనే. కాబట్టి ప్రియులారా, అధికారం ఎవరి చేతికి వచ్చిందని కాదు, వచ్చిన తరువాత అది ఎవరి దగ్గరకు వెళ్లిందని అడుగుదాము.