పుంటికూర పువ్వు నుంచి కేసరి పప్పు దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, రాజుల కథలు కాక మన కంచంలోని పప్పు, కూరల కథ చెబుదామనిపించింది.

మా బొంరాస్‌పేట పరిగి నుంచి కొడంగల్ వెళ్లే దారిలో ఉంది. ఇక్కడి చేలలో కంది, జొన్న, పత్తి. గట్ల వెంట పుంటికూర. ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పినన్నాళ్లూ ఈ మొక్కలనే తెచ్చి పిల్లలకు చూపించాను. వీటి రసాయనాన్ని శోధించిన పెద్దమనిషి పేరు మాత్రం చెప్పలేదు. అప్పట్లో నాకే తెలియదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను.

ఆయన ఆచార్య టి.ఆర్. శేషాద్రి. 1900లో తమిళనాట కుళిత్తలైలో పుట్టారు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేశారు. ఆ గురువుకు 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. శేషాద్రి గారు 1934లో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి రసాయనశాస్త్ర శాఖను నిలబెట్టారు. ఖరీదైన సరుకులకోసం ఎదురుచూడకుండా చుట్టూ దొరికే మొక్కలనే పరిశోధనకు తీసుకున్నారు. పత్తిపూల రేకులు, పుంటికూర జాతుల పూల రేకులు ఆయన ప్రయోగశాలకు చేరాయి. వాటి సారం తీసి, రంగు పదార్థాలను స్ఫటికాలుగా వేరుచేసి, వాటి నిర్మాణాన్ని తేల్చారు. 1942లో విశాఖపై జపాన్ బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. అయినా పని ఆగలేదు. ఎర్ర పుంటికూర పూల రంగులపై ఆయన, ఆయన శిష్యుడు కలిసి వ్రాసిన వ్యాసం ఆ ఏడే వెలువడింది.

పూల రంగులతో పేదవాడికి ఏం ఒరిగిందని అడగవచ్చు. జవాబు గింజలో ఉంది.

ఉత్తర భారతంలో కేసరి పప్పు కరువు కాలపు తిండి. వానలు లేకపోయినా పండుతుంది. నెలల తరబడి అదే ప్రధాన ఆహారమైతే మాత్రం కాళ్లు బిగుసుకుపోయి, మనిషి జీవితాంతం కర్ర పట్టుకు నడవవలసి వస్తుంది. సాగర్ ప్రాంతపు పల్లెలలో ఈ కుంటితనాన్ని స్లీమన్ దొర 1844లో అచ్చయిన తన గ్రంథంలో వర్ణించాడు. రీవా వైపు వెట్టి కూలీలకు కూలి కింద ఈ గింజలనే కొలిచి ఇచ్చేవారు. ఛత్తీస్‌గఢ్‌లో దీని లేత ఆకును కూరగానూ వండుకుంటారు.

1961లో కేంద్రం దీని అమ్మకాన్ని నిషేధించింది. అప్పటికి అందులోని విషం ఏమిటో ఎవరికీ తెలియదు! 1964లో రెండు చోట్ల, వేర్వేరుగా, ఆ రహస్యం బయటపడింది. 1949 నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఉన్న శేషాద్రి గారు, మూర్తి, వెంకటసుబ్రమణియన్ గార్లు ఒక పక్క. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, పి.ఎస్. శర్మ గార్లు మరో పక్క. చుక్కకూర, పాలకూరలలో ఉండే ఆక్జాలిక్ ఆమ్లమే ఒక అమైనో ఆమ్లంతో జతకూడి నరాలను దెబ్బతీసే పదార్థంగా మారిందని తేలింది. దాని పొట్టి పేరు ఓడాప్. రావు గారు తరువాత ఉస్మానియాలో ఆచార్యులుగా పనిచేస్తూ, 1978లో గింజలోని ఆ విషాన్ని కొలిచే రంగు పద్ధతిని ప్రకటించారు. కొలవగలిగితేనే కదా, విషం తక్కువున్న విత్తనాన్ని ఎంచగలిగేది! రతన్, ప్రతీక్ వంటి రకాలు అలా వచ్చినవే.

మన తాండూరు కంది పప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కంది పప్పులో కేసరి పప్పు కలిపే కల్తీ మాత్రం పాతదే. పెన్షన్ అందిన రోజున ఒకసారి నేను తెచ్చిన పప్పులో, ఒక అంచు ఏటవాలుగా, చదరంగా ఉన్న బద్దలు మా ఇంటామె చేటలో కనిపెట్టింది. "ఏమయ్యా సైన్సు సారూ, ఇదేం పప్పు?" అంది. నాకు నోట మాట రాలేదు. అటువంటి బద్దలు కనబడితే పక్కనపెట్టండి. ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే విషం చాలావరకు పోతుంది గాని, పూర్తిగా పోదు.

శేషాద్రి గారికి 1960లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ లభించాయి. 1975లో కన్నుమూశారు. ఈసారి పుంటికూర పచ్చడి వడ్డించేటప్పుడు మనుమలకు ఆయన పేరు ఒక్కసారి చెప్పండి. నేను బడిలో చెప్పలేకపోయిన పాఠం అదే.