ఇంగ్లండు పల్లెలో ఇంటి కొనుగోలు

ఇంగ్లండు పల్లెల్లో పాత ఇల్లు కొనేవారు గోడలకన్నా ముందు కాగితాలు చూసుకోవాలి. దేశమంతటా లాగే ఇక్కడా ఒప్పంద పత్రాలు మార్చుకునేదాకా ఎవరికీ కట్టుబాటు ఉండదు. ఈలోగా ఎక్కువ ధర ఇచ్చేవారు తగిలితే కుదిరిన బేరమూ చేజారుతుంది. చారిత్రక కట్టడంగా నమోదైన ఇంటి రూపురేఖలు మారేలా అనుమతి లేకుండా పాత కిటికీ తీసేసినా నేరమే. ఊళ్లో మురుగు పైపులు లేకపోతే సెప్టిక్ ట్యాంకే గతి. దాని నీటిని నేరుగా వాగులోకి వదలడం 2020 నుంచి కుదరదు.

వీటన్నిటినీ మించిన వింత చర్చి మరమ్మతు భారం. చర్చిలో బలిపీఠం ఉండే భాగాన్ని బాగుచేయించడం మధ్యయుగాల్లో పంటలో పదోవంతు అందుకునే రెక్టరు బాధ్యత. తర్వాత కొన్నిచోట్ల అది భూమితోపాటే చేతులు మారుతూ వచ్చింది. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్‌లోలో ఒక పొలం యజమానులు దీనిపై పోరాడి 2003లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడారు; చివరికి పొలమే అమ్ముకున్నారు. 2013 అక్టోబరు 13 తర్వాత, భూమి రిజిస్టరుకెక్కని భారం డబ్బిచ్చి కొత్తగా కొన్నవారికి చుట్టుకోదు. అయినా సొలిసిటర్లు ఇప్పటికీ ముందుజాగ్రత్తగా దానికో చిన్న బీమా చేయిస్తుంటారు.