ఒక గోదావరి, రెండు రాజ్యాలు

రాజ్య వ్యవస్థల గురించి చదివేటప్పుడు అవి ఎక్కడో దూర దేశాల సంగతులని మన యువత అనుకుంటుంది. కానీ రెండు పాలనలను పక్కపక్కన పెట్టి పోల్చి చూడటానికి మన గోదావరి తీరమే మంచి చోటు. తిరుమలాయపాలెం నుంచి భద్రాచలం వెళ్లేవారికి ఈ రోజు వంతెన దాటితే ఊరు మాత్రమే మారుతుంది. బ్రిటిష్ కాలంలో ఏరు దాటితే రాజ్యమే మారేది. ఇవతలి ఒడ్డు నిజాంది, అవతలి ఒడ్డు బ్రిటిష్ వారిది. రెండు ఒడ్డులా ఉన్నది మాత్రం అవే గట్లు, అవే ఇంటిపేర్లు, అవే ఇలవేల్పులు గల కోయ జనం.

ఈ గీత 1860లో పడింది. నిజాం, బ్రిటిష్ వారు ఒప్పందం చేసుకుని ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను చేతులు మార్చుకున్నారు. బ్రిటిష్ వారు వాటిని మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. ఏ మార్పుకూ అక్కడి జనాన్ని అడగలేదు.

పాలన మారితే బతుకు ఎలా మారుతుందో రేకపల్లి చెబుతుంది. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నప్పుడు పోడు కొట్టుకునేవారు గొడ్డలికి నాలుగు అణాలు కట్టి, తమకు నచ్చిన చోట కొట్టుకునేవారు. మద్రాసు ప్రభుత్వం ఆ పన్నును దాదాపు మూడింతలు చేసింది, కొన్ని అడవుల్లోకి అడుగు పెట్టనివ్వలేదు. 1879లో రంపలో తిరుగుబాటు లేవగానే అది రేకపల్లికీ పాకింది. అదే జనం, అదే అడవి. మారింది పాలన మాత్రమే.

ఆ తిరుగుబాటు జరిగిన 38 ఏళ్లకు, 1917లో ఏజెన్సీ భూముల బదిలీని కట్టడి చేసే చట్టం వచ్చింది. అడవిపై ఆంక్షలు, వెట్టిచాకిరీ మాత్రం పోలేదు. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర వంటి మన్యం వీరులు మళ్లీ పోరు చేయాల్సి వచ్చింది. నిజాం ఏలుబడిలో కథ వేరేమీ కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ పరిశీలనలను పట్టించుకుంది, 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ తెచ్చింది. స్వతంత్ర భారతంలో 1/70 చట్టం కూడా శ్రీకాకుళం పోరాటం సాగుతున్న రోజుల్లోనే వచ్చింది. రాజరికమైనా, పరాయి పాలనైనా, ప్రజాస్వామ్యమైనా మన దగ్గర పోరాటం ముందు, చట్టం తర్వాత.

వేరే దారి లేదా? ఉత్తర ఐరోపాలోని సామీ జనాన్ని చూద్దాం. దుప్పి జాతికి చెందిన రెయిన్‌డీర్ మందలను మేపుకునే ఈ ఆదివాసులు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల్లో చీలి ఉన్నారు. మన కోయలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో ఉన్నట్టే. 1751లో నార్వే, స్వీడన్ సరిహద్దు గీసినప్పుడు, మందలతో అటూ ఇటూ దాటే హక్కు సామీలకు ఉంటుందని ఒప్పందంలోనే రాశారు. ఇది మన 1860 ఒప్పందానికి 109 ఏళ్ల ముందు మాట.

అలాగని అక్కడ గొడవలు లేవనుకోవద్దు. ఆల్టా నదిపై ఆనకట్టకు వ్యతిరేకంగా 1979-81లో సామీలు గట్టిగా పోరాడారు. ఆనకట్ట ఆగలేదు. కానీ ఆ పోరాటం ఫలితంగా 1989లో నార్వేలో సామీ పార్లమెంటు మొదలైంది. ఫోసెన్ గాలిమరల అనుమతులు చెల్లవని 2021లో నార్వే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినా మరలు తిరుగుతూనే ఉన్నాయి. 2023లో సామీ యువతే ఓస్లోలో మంత్రిత్వ శాఖ ముందు బైఠాయించి ఆ తీర్పును గుర్తు చేసింది. మాట చెప్పుకునే వేదిక ఉన్నా, దాన్ని పనిచేయించేది జనమే.

మనకూ వేదిక ఉంది. అది గ్రామసభ. 1996లో పెసా, 2006లో అటవీ హక్కుల చట్టం దానికి బలం ఇచ్చాయి. 2013లో ఒడిశాలోని నియమగిరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో గ్రామసభలు పెట్టారు. 12 గ్రామాలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. తవ్వకం ఆగింది. ఆ మాట తుపాకీతో చెప్పలేదు, తీర్మానంతో చెప్పారు.

మరుసటి ఏడాదే, 2014లో, పోలవరం కోసం భద్రాచలం చుట్టుపక్కల 7 మండలాలను, కొన్నింటిని పూర్తిగా, కొన్నింటిని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. నిర్ణయం ఢిల్లీలో జరిగింది. 1860 నాటి గీతకూ దీనికీ మధ్య ఒక పోలిక ఉందని మేం అనుకుంటున్నాం. పాలన పేరు మారింది, అడగకుండా గీత గీసే అలవాటు మారలేదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ పార్టీ, ఏ జెండా అన్నదానికంటే ముందు ఒక ప్రశ్న వేయండి: నిర్ణయానికి ముందు మన ఊరిని అడిగారా? షెడ్యూల్డ్ ప్రాంతం వెలుపలి ఊళ్లకు పెసా వర్తించదు, కానీ అడవి ఉన్న చోట అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. గ్రామసభకు వెళ్లండి. తీర్మానాన్ని పైకి చదివించి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. చదువురాని పెద్దలకు మన భాషలో చెప్పండి. రక్తం చిందాక చట్టం రావడం మన తాతల కాలంతో ఆగిపోవాలి.