గోదావరి ఇసుకలో ఇనుము జాడ

1942 ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు జపాన్ విమానాలు కొలంబో మీద విరుచుకుపడ్డాయి. మర్నాడు మన తీరం వంతు వచ్చింది. వైస్ అడ్మిరల్ ఒజావా దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే ఒజావా దళం బంగాళాఖాతంలో ఇరవై దాకా వాణిజ్య నౌకలను ముంచింది. నాటి జపాన్ బాంబు తొడుగొకటి నేటికీ విశాఖ మ్యూజియంలో ఉంది.

ఏ వైమానిక దాడిలోనైనా కొన్ని బాంబులు పేలవు. మెత్తటి నేలైతే లోతుగా దిగబడిపోతాయి. జర్మనీ పట్టణాల్లో పునాదులు తవ్వేటప్పుడు అవి ఇప్పటికీ బయటపడుతున్నాయి. కాకినాడ మీద జరిగిన దాడి చిన్నదే. అయినా అలాంటి బాంబును డెల్టా నేలలో వెతకాల్సివస్తే ఏం జరుగుతుందో ఆలోచించదగ్గ విషయం.

వెతుకులాటకు పాత సాధనం మాగ్నెటోమీటరు. ఇనుము ఉన్నచోట భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడాను అది పట్టిస్తుంది. అయితే గోదావరి తీరపు నల్ల ఇసుకలో మాగ్నటైటు, ఇల్మనైటు అనే ఇనుప ఖనిజాలు సహజంగానే ఉన్నాయి కాబట్టి అది పొరబడవచ్చు. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతాల్లోది అయస్కాంత గుణమున్న బసాల్టు రాయి. హవాయిలోని కహోలావే దీవిలో అమెరికా నౌకాదళం వదిలిన బాంబులను ఏరేటప్పుడు ఇలాంటి బసాల్టు నేలే సెన్సర్లను తికమక పెట్టింది. పోనీ నేలలోకి తరంగాలు పంపే రాడార్ వాడదామంటే, ఉప్పునీరు పట్టిన బంకమట్టిలో దాని తరంగాలు కొద్ది లోతులోనే ఇంకిపోతాయి.

రెండో మార్గం విద్యుదయస్కాంత ప్రేరణ. పోలిష్ అధికారి కొసాట్స్కీ రూపొందించిన మందుపాతర డిటెక్టరు 1942లోనే ఎల్ అలమైన్ యుద్ధంలో ఈ సూత్రంతో పనిచేసింది. అయితే అది లోహం ఉందని మాత్రమే చెప్పేది. తవ్వి చూస్తే చాలాసార్లు మేకో, గుర్రపు నాడానో దొరికేది.

నేటి పరికరాలు తీగచుట్టలో కరెంటును ఒక్కసారిగా ఆపి, భూమిలోని లోహంలో పుట్టిన సుడి ప్రవాహాలు ఎంతసేపట్లో అణగారుతాయో కొలుస్తాయి. పలచటి రేకు ముక్కలో అవి వెంటనే పోతాయి. మందపాటి ఉక్కు తొడుగులో ఎక్కువసేపు నిలుస్తాయి. పైగా ఈ స్పందనకు బాంబు నిడివి దిశలో ఒక విలువ వస్తే, అడ్డంగా రెండు దిశల్లోనూ దాదాపు ఒకే విలువ వస్తుంది. వంకరటింకర ఇనుప ముక్కకు ఆ పొందిక ఉండదు. 2007లో అలబామాలోని పాత సైనిక శిబిరం క్యాంప్ సైబర్ట్‌లో జరిగిన పరీక్ష, ఇలా విడదీసి అనవసరపు తవ్వకాలను తగ్గించవచ్చని చూపింది.

అయితే ఇందుకు సెన్సరును దగ్గర దగ్గర గీతల్లో, నేలకు ఆనించినంత దిగువన నడపాలి. డెల్టా అంతటా అది అయ్యే పని కాదు. కాబట్టి ముందు రేవు రికార్డులు, సైనిక నివేదికలు చదివి వెతకాల్సిన చోటును కుదించాలి. ఆ మేరకు ఈ శాస్త్రానికి తొలి మెట్టు చరిత్రకారుడి పనే.